మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ బెర్బెరిన్ వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 51. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వేసుకుంటున్నాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.4. ఫ్యాటీ లివర్ ఉందన్నారు. మోకాళ్లు నొప్పి. మా అమ్మాయి అమెరికా నుంచి బెర్బెరిన్ పంపింది. పక్కింటావిడేమో పసుపు నుంచి తీసే కర్కుమిన్ వాడమంటోంది. రెండింట్లో ఏది మంచిది?
– ఓ పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఏది మంచిదో తర్వాత. మీరు వేసుకునే మాత్రలతో ఏది పొసగదో ముందు చూద్దాం.

బెర్బెరిన్ మానుపసుపు అనే మొక్కలో (ఇది వంటింటి పసుపు కాదు) ఉండే పదార్థమే. షుగర్‌ను, చెడు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ పని మీ మాత్రలు ఇప్పటికే చేస్తున్నాయి. మెట్‌ఫార్మిన్‌లాగే ఇదీ కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది. గ్లిమిపిరైడ్‌కు తోడైతే షుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు, గుండెదడ రావచ్చు. అన్నిటికన్నా నాకు ఎక్కువ భయం అటోర్వాస్టాటిన్ గురించి. దాన్ని లివర్‌లో అరగదీసే ఎంజైమ్‌ను బెర్బెరిన్ అడ్డుకుంటుంది. ఆ మందు రక్తంలో పేరుకుంటే కండరాల నొప్పులు మొదలవుతాయి. మోకాళ్ల నొప్పికి అవి కూడా తోడైతే ఏది ఎక్కడిదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అమ్మాయి ప్రేమగా పంపిందే, కాదనను. కానీ ఆ సీసా పక్కన పెట్టేయండి.

కర్కుమిన్ సంగతి వేరు. మోకీళ్ల అరుగుదల నొప్పిలో కొందరికి కాస్త ఉపశమనం ఇస్తుంది. చిక్కేమిటంటే అది ఒంటికి సరిగా పట్టదు. అందుకని మిరియాల్లోని పైపరిన్ కలిపి అమ్ముతారు. ఆ పైపరిన్ మీ మిగతా మందుల మోతాదునూ రక్తంలో పెంచగలదు. అరుదుగానే అయినా ఇలాంటి గుళికలతో లివర్ దెబ్బతిన్న ఉదంతాలున్నాయి. ఫ్యాటీ లివర్ ఉన్న మీరు ముందు లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకుని, మీ డాక్టర్ సరేనంటేనే పైపరిన్ లేనిది ఓ రెండు నెలలు వాడి చూడండి. తేడా కనిపించకపోతే డబ్బు వృథా చేయొద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే ఆపేయాలి. రక్తం పలచబడే మందులేవైనా వాడుతుంటే అసలు మొదలుపెట్టొద్దు. పప్పులో, కూరలో వేసే పసుపుకు ఈ భయాలేవీ లేవు.

మొక్కల నుంచి వచ్చిందే కావాలంటే మీ వంటింట్లో మెంతులున్నాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో దశాబ్దాల కిందటే వీటిపై పరిశోధనలు జరిగాయి. వాటిలోని పీచు జిగురుగా మారి, తిన్నదాంట్లోని చక్కెర రక్తంలో కలవడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఒక చెంచా రాత్రి నానబెట్టి పొద్దున తినండి. ఇవీ షుగర్ తగ్గిస్తాయి కాబట్టి మొదటి రెండు వారాలు గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ, ఆ అంకెలు మీ డాక్టర్‌కు చూపించండి.