వైకింగ్ బట్టలు, సామాను అసలైనవిగా ఎలా చేసుకోవాలి? యార్క్ వైపు రీఎనాక్ట్‌మెంట్‌లో తిరుగుతున్నవాడిగా నా జవాబు

నీ ప్రశ్న చదివా తమ్ముడూ. ఇంగ్లండ్‌లో యార్క్‌లో ఫిబ్రవరిలో జరిగే వైకింగ్ ఫెస్టివల్ (వైకింగులంటే వెయ్యేళ్ళ కిందట స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు) చూసొచ్చావు, బాగా నచ్చింది, ఆ కాలపు బట్టలేసుకుని అప్పటి బతుకు జనానికి చేసి చూపించే రీఎనాక్ట్‌మెంట్ గ్రూపులో చేరాలనుంది, ఆన్‌లైన్‌లో "కంప్లీట్ వైకింగ్ సెట్" అని ఒకటి కనపడింది, అది కొనేద్దామా లేకపోతే ఇండియాలో కుట్టించి తెప్పించుకుందామా అని అడిగావు. ఆ సెట్ మాత్రం కొనకు. నువ్వు పెట్టిన ఫొటోలో ఉన్నవన్నీ, అంటే తోలు ప్యాంటు, ముంజేతులకి తోలు తొడుగులు, భుజాల మీద బొచ్చు, పై నుంచి కింద దాకా నలుపు, ఇదంతా టీవీ సీరియల్ వేషం. అది వేసుకుని వెళ్తే మొహం మీద ఎవరూ ఏమీ అనరు, మర్యాదస్తులే, కానీ జనం ముందుకి మాత్రం రానివ్వరు. నేను ఉద్యోగానికి ఇక్కడికి వచ్చిన కొత్తలో చేరా, ఇప్పుడు మా గ్రూపులో కొత్తగా వచ్చేవాళ్ళ బట్టలు చెక్ చేసే పని కూడా నా నెత్తినే పడింది, కాబట్టి ఏం చూస్తామో చెప్తా.

మేం చూసేది నిజానికి ఒక్కటే. నువ్వు ఒంటి మీద వేసుకున్న ప్రతిదానికీ "ఇది ఎక్కడ తవ్వితే దొరికింది, ఏ కాలంది" అని అడిగితే నీ దగ్గర జవాబుండాలి. వైకింగ్ కాలం అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ 793లో ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి దగ్గర నుంచి 1066 దాకా దాదాపు 270 ఏళ్ళు అది, అటు డబ్లిన్ నుంచి ఇటు కీవ్ దాకా, అంతటికీ కలిపి ఒకటే యూనిఫారం ఉంటుందా చెప్పు. అందుకే ముందు ఒక ఊరు, ఒక కాలం, ఒక స్థాయి మనిషిని పట్టుకో. నువ్వుండేది లీడ్స్‌లో కాబట్టి దగ్గర్లోని యార్క్, 950 ప్రాంతం, ఓ మోస్తరు చేతిపనివాడు అనుకో. వైకింగులు ఆ ఊరిని 866లో పట్టుకున్నారు, చివరి రాజు ఎరిక్‌ని 954లో తరిమేశారు, ఆ మధ్య కాలం అన్నమాట. ఇందులో పెద్ద సుఖం ఏంటంటే 1976 నుంచి 81 దాకా కాపర్‌గేట్ వీధిలో తవ్వినప్పుడు అక్కడి నేల తడిగా, గాలి ఆడకుండా ఉండటం వల్ల మామూలుగా కుళ్ళిపోయే తోలు, చెక్క, గుడ్డ అన్నీ మిగిలాయి, అక్కడి జోర్విక్ సెంటర్ అనే మ్యూజియంకి వెళ్తే చెప్పులు, దువ్వెనలు, సాక్సు అన్నీ కళ్ళతో చూడొచ్చు.

మిగతా చోట్ల ఇంత అదృష్టం లేదు. స్వీడన్‌లో బిర్కా దగ్గర 1100 దాకా సమాధులు తవ్వారు, కానీ చాలా వాటిలో గుడ్డ అంటే లోహపు బ్రోచ్ (బట్టకి పెట్టుకునే పిన్ను) తుప్పుకి అతుక్కుని మిగిలిన గోరంత పీలికే. జర్మనీలో హెడెబీ రేవులో దొరికినవి ఓడలకి తారు పూయడానికి వాడి పారేసిన చింకి గుడ్డలు, ఆ తారే వాటిని కాపాడింది. ఒక డ్రెస్సు మొత్తంగా దొరకడం మహా అరుదు, డెన్మార్క్‌లో వీబోర్గ్ లినెన్ చొక్కా ఒకటి, నార్వేలో 1936లో స్కోల్డెహామ్న్ దగ్గర పీట్ నేలలో, అంటే కుళ్ళిన మొక్కల చిత్తడి నేలలో దొరికిన బట్టలు ఒకటి, అదీ ఉత్తరాన ఉండే సామీ జాతి మనిషిదై ఉండొచ్చని వాదన ఉంది. కాబట్టి ఎవరైనా షాపువాడు "నూటికి నూరు శాతం అసలైన వైకింగ్ డ్రెస్సు" అంటే వాడు అమ్ముకోడానికి అంటున్నాడని అర్థం చేసుకో. మనం చేసేది ఈ పీలికల్ని బట్టి, అప్పటి కుట్టు తెలుసుకుని, వీలైనంత దగ్గరగా వెళ్ళడమే.

స్నేహితురాలు కూడా చేరుతుందన్నావు కదా, ఆవిడకి ఒక మాట. ఛాతీ మీద రెండు కోడిగుడ్డు ఆకారం బ్రోచ్‌లు, మధ్యలో పూసల దండలు, ఫెస్టివల్‌లో అందరికీ అవే కనిపిస్తాయి, చాలా అందంగా ఉంటాయి, కానీ అవి ఎక్కువగా స్కాండినేవియా సమాధుల్లోవి, ఇంగ్లండ్‌లో దొరికిన జతలు చాలా తక్కువ. యార్క్ ఆవిడగా ఉండాలంటే ఒక చిన్న గుండ్రటి బ్రోచ్, తలకి గుడ్డ చాలు. కాపర్‌గేట్‌లో పట్టు టోపీ కూడా దొరికింది, కావాలంటే అది కుట్టుకోమను, ఆ బ్రోచ్‌ల కన్నా చవక, పైగా ఆ ఊరిదే.

ఇక గుడ్డ. లోపల లినెన్, పైన ఉన్ని, అంతే. కాటన్ వద్దు. మనవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు, ఇంటి నుంచి ఖద్దరు లాల్చీ తెప్పించుకుని "చూడు అన్నా, చేత్తో వడికింది, చేత్తో నేసింది" అంటారు, నిజమే, కానీ పత్తి అనేది అప్పటి ఉత్తర యూరప్‌లో మామూలు మనిషి ఒంటి మీదకి వచ్చే గుడ్డ కాదు. ఉన్నిలో ట్విల్ నేత, అంటే ఏటవాలు గీతలు కనిపించేది, చదరపు మీటరుకి 300 నుంచి 400 గ్రాముల బరువుండేది తీసుకో. మీటరు 20 పౌండ్ల పైమాటే ఉంటుంది, చివరి బిట్లు అమ్మే చోట వెతికితే తగ్గుతుంది. "వూల్ బ్లెండ్" అని రాసి సగం పాలిస్టర్ అంటగడతారు, అందుకని ఒక దారప్పోగు లాగి నిప్పు పెట్టి చూడు. ఉన్ని అయితే జుట్టు కాలిన కంపు వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి చిన్న గట్టి గుండు కడుతుంది. ఇది చాదస్తం కోసం చెప్పట్లేదు, క్యాంపులో పొద్దస్తమానం పొయ్యి దగ్గరే ఉంటాం, నిప్పురవ్వ పడితే ఉన్ని నల్లగా మాడి ఊరుకుంటుంది, పాలిస్టర్ ఒంటికి అతుక్కుంటుంది. కొన్నాక కత్తెర పెట్టకముందే ఒకసారి ఉతికి ఆరేయి, కుంచించుకునేదేదో అప్పుడే కుంచించుకుపోతుంది.

కటింగ్ చూసి భయపడకు, షర్టు కంటే సులువు. గుడ్డ నేయడానికే నెలలు పట్టే రోజులు కాబట్టి ముక్క వేస్ట్ కాకుండా అన్నీ చదరాలు, త్రికోణాలే. ముందొకటి వెనకొకటి పొడుగు ముక్కలు, చేతులు మణికట్టు దగ్గరికి సన్నబడుతూ, కింద ఘేరు కోసం పక్కలకి త్రికోణాలు, చంక కింద ఒక చిన్న చదరపు ముక్క, మన పాత లాల్చీల్లో పెట్టినట్టే. మోకాళ్ళ దాకా రావాలి. లోపలి పొడుగు కుట్లు మిషన్ మీద వేసుకోనిచ్చే గ్రూపులున్నాయి, బయటికి కనపడేవి మాత్రం చేత్తోనే. నేనైతే మొత్తం చేత్తోనే కుట్టమంటా, ఎందుకంటే ఆ చొక్కాని పదేళ్ళు వాడతావు, మిషన్ కుట్టు ఎక్కడ వేసినా కళ్ళకి గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఈ చేతికుట్టు కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే చెక్ చేసేటప్పుడు నేను ముందు చొక్కా అంచు తిరగేసి చూస్తా. లినెన్ దారం తీసుకుని తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగు, చిక్కు పడదు, గుడ్డలో జారుతుంది. మూరెడు దారం కంటే ఎక్కువ ఎక్కించకు. ముందు మామూలు పరుగు కుట్టు వేసి రెండు ముక్కలు కలుపు, సెంటీమీటరుకి నాలుగు కుట్లు పడితే చాలు. తర్వాత లోపల మిగిలిన అంచులు రెండింటినీ ఒక పక్కకి వాల్చి, పైదాన్ని కిందదాని మీదకి మడిచి, చిన్న చిన్న ఏటవాలు కుట్లతో గుడ్డకి అదిమెయ్యి. కుట్టేటప్పుడు సూదితో గుడ్డలో ఒకట్రెండు పోగులే పట్టుకో, అప్పుడు బయట నుంచి చూస్తే చిన్న చుక్కల్లాగా తప్ప ఏమీ కనపడదు. పోగులు ఊడి రావు, ఉతికినా చెక్కు చెదరదు. నెట్‌ఫ్లిక్స్ పెట్టుకుని వారం పది రోజులు సాయంత్రాలు కూర్చుంటే అయిపోయే పని.

రంగులు నలుపు తప్ప దాదాపు ఏవైనా పర్వాలేదు, అప్పటివాళ్ళు మట్టి రంగుల్లో తిరిగారనుకోకు. కాపర్‌గేట్ మట్టిలో ఎరుపునిచ్చే మాడర్, నీలాన్నిచ్చే వోడ్ అనే మొక్కలు రెండూ దొరికాయి, రంగు పట్టడానికి పటికలాగా వాడే క్లబ్‌మాస్ అనే నాచు లాంటి మొక్క కూడా, అది స్కాండినేవియా నుంచి తెచ్చుకున్నదట. మచిలీపట్నం కలంకారీలో చిరివేరుతో వచ్చే ఎరుపులో ఉన్న అలిజరిన్ అనే రంగు పదార్థమే మాడర్‌లోనూ ఉంటుంది, మన నీలిమందులో ఉండేదే వోడ్‌లోనూ ఉంటుంది, అది తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది. ఇంట్లో చెయ్యాలంటే పటిక నీళ్ళలో ఉన్నిని మెల్లగా వేడి చేసి, తర్వాత మాడర్ వేరు పొడిలో, మరగనివ్వకుండా సన్న మంట మీద ఉంచాలి, మరిగితే ఎరుపు పోయి ఇటుక గోధుమరంగు తిరుగుతుంది. హాస్టల్ కిచెన్‌లో మాత్రం మొదలెట్టకు.

కాళ్ళకి మామూలు ప్యాంటు లాంటి ఉన్ని పైజమా, మోకాలి కింద నుంచి పాదం దాకా ఉన్ని పట్టీలు చుట్టుకోవాలి, బెత్తెడు కంటే సన్నగా, ఒక్కొక్కటి మూడు మీటర్ల పైనే పొడుగు. మొదట్లో నడుస్తుంటే జారి మడమల మీద పడతాయి, కింద నుంచి పైకి చుడుతూ ప్రతి చుట్టూ ముందుదాన్ని సగం కప్పేలా వేస్తే నిలబడతాయి. సాక్సు అల్లికవి వద్దు, రెండు సూదుల అల్లిక అక్కడికి అప్పటికింకా రాలేదు. కాపర్‌గేట్ సాక్సు నాల్‌బైండింగ్‌లో చేసింది, ఒకే ఒక్క మొద్దు సూది, బారెడు బారెడు ఉన్ని ముక్కలు, ప్రతి ముడిలోంచీ దారం మొత్తం లాగాలి. నేర్చుకోడానికి చిరాకేస్తుంది గానీ ఒక చోట తెగినా మొత్తం ఊడిపోదు.

డబ్బులు పెట్టాల్సింది బూట్ల మీద. అవి తిరగేసి కుట్టిన బూట్లు, అంటే లోపలి పక్క బయటికి పెట్టి కుట్టి, తోలు బాగా నానబెట్టి, మొద్దు కర్రతో పొడుస్తూ మళ్ళీ తిరగేస్తారు, బొటనవేలి మొన దగ్గర ప్రాణం తోకకొస్తుంది. మడమ ఎత్తుండదు, అడుగున ఒక్క పొర తోలే. తడి గడ్డి మీద జారతాయి, రాళ్ళ మీద ప్రతి రాయీ తెలుస్తుంది. మొదటి జత కొనుక్కో, రెండోది కావాలంటే కుట్టుకో.

ఆయుధాలు చివర్న చెప్తున్నానంటే అవి చివర్నే కొనాలి కాబట్టి. గ్రూపులో ట్రైనింగ్ అయ్యేదాకా వాళ్ళే అరువిస్తారు, నీ డబ్బుతో కొన్న కత్తి మొన, అంచు వాళ్ళ రూలు ప్రకారం గుండ్రంగా లేకపోతే ఫీల్డ్ మీదకి రానివ్వరు. మామూలు మనిషి దగ్గర ఉండేది ఈటె, డాలు, నడుముకి చాకు, ఖడ్గం డబ్బున్నవాడిది. డాలు సన్నటి మెత్తచెక్క పలకలతో గుండ్రంగా, మధ్యలో ఇనప గుబ్బ, నార్వేలో తవ్వితే బయటపడిన గోక్‌స్టాడ్ ఓడ మీద దొరికిన 64 డాళ్ళు పసుపు, నలుపు రంగులవి. హెల్మెట్‌కి కొమ్ములు వద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా, అవి 1876లో జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ ఆపెరాకి (పాటల నాటకం) బట్టలు డిజైన్ చేసిన డోప్లర్ పుణ్యం. కాపర్‌గేట్ హెల్మెట్ అని ఒకటి అమ్ముతారు, పేరు చూసి కొనకు, అది వైకింగులు రాకముందు 8వ శతాబ్దపు ఆంగ్లియన్, అంటే అప్పటి ఇంగ్లీషువాళ్ళ హెల్మెట్. నీ ఊరికి, కాలానికి సరిపడేది 1950ల్లో ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్మ్ ఊళ్ళో పైపుల కోసం తవ్వుతుంటే దొరికింది, అది 10వ శతాబ్దానిదని 2020లో తేల్చారు. ఇండియా నుంచి తెప్పించుకోవచ్చా అన్నావు కదా, ఇనప ఉంగరాల చొక్కాలు, హెల్మెట్లు ఇక్కడ అమ్మేవాటిలో చాలావరకు ఉత్తర భారతంలో తయారైనవే, కాబట్టి అక్కడ నేరుగా కొనొచ్చు, కాకపోతే ఉంగరాలు రివెట్ కొట్టినవా లేక ఊరికే వంచి ఆనించినవా అడుగు. వంచినవి దెబ్బకి విచ్చుకుంటాయి, పైగా అప్పటివి కావు.

చాకు విషయంలో ఒక హెచ్చరిక. షో అయ్యాక ఆ బట్టల్లోనే టెస్కో సూపర్‌మార్కెట్‌కి పాల కోసం వెళ్ళే అలవాటు అందరికీ ఉంటుంది, నడుముకి చాకుతో మాత్రం వెళ్ళకు, కారణం లేకుండా అలాంటి కత్తి పబ్లిక్‌లో తిప్పడం ఇక్కడ నేరం, మనకి వీసా గొడవ కూడా తోడవుతుంది. తీసి డేరాలో పెట్టెలో పడెయ్యి.

"మన రంగు చూసి ఏమైనా అంటారా" అని కూడా అడిగావు. నాకైతే గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు, చూడ్డానికొచ్చిన పిల్లలు అడుగుతారు, అడిగితే చెప్పడానికి బోలెడుంది. స్వీడన్‌లో హెల్గో దగ్గర 1956లో మన ఉపఖండపు వాయవ్యం వైపు చేసిన కంచు బుద్ధ విగ్రహం దొరికింది, అరబ్బు వెండి నాణేలు వేలకి వేలు దొరికాయి. అంతమాత్రాన భారతీయులు వైకింగులని నేను చెప్పను, సరుకు చేతులు మారుతూ ఎంత దూరం వచ్చిందో చెప్తా, పిల్లలకి అదే నచ్చుతుంది.

మిగిలినవి చిల్లర సంగతులు. కళ్ళజోడు బదులు కాంటాక్ట్ లెన్సులు, వాచీ, రాఖీ దారం, ఉంగరాలు తీసెయ్యాలి, ఫోను ఉన్ని సంచీలో అడుగున. రాత్రి డేరాలో చలి ఎముకలు కొరుకుతుంది, నేను సిద్దిపేట వైపు నుంచి తెచ్చుకున్న గొంగడి పరుచుకుంటా, అది వైకింగ్ గుడ్డ కాదు కాబట్టి జనం తిరిగే టైముకి మడిచి పెట్టెలో పెట్టేస్తా, వాన పడితే చింతగింజల గంజి వాసన కొడుతుంది గానీ దాన్ని మించింది లేదు. వచ్చే ఫిబ్రవరికి దిగాలంటే ఈ నెలలోనే దగ్గర్లో ఉన్న గ్రూపుకి మెయిలు కొట్టి ట్రైనింగ్‌కి వెళ్ళు, వాళ్ళ రూల్స్ కాగితం తీసుకున్నాకే గుడ్డ కొను, లినెన్ చొక్కా దసరాకి, ఉన్నిది క్రిస్మస్‌కి అయిపోతాయి. చొక్కా కొలతలు కావాలంటే నీ ఛాతీ, భుజం, చెయ్యి పొడుగు కింద రాయి, ఎన్ని మీటర్లు పడుతుందో లెక్క చెప్తా.