ఏ పిల్లాడి పక్క బెంచీలో కూర్చోబెడతారో ముందు అడుగు

సీతమ్మధార,
విశాఖపట్నం.

చి.ల.సౌ. మేనకోడలికి అత్త దీవించి వ్రాయునది.

నీ మెసేజ్ చూశాను. పన్నెండుమంది పిల్లల్ని జపాన్ తీసుకెళ్ళే పని నీ నెత్తిన పెట్టారని, "నువ్వు వెళ్ళొచ్చావు కదా అత్తా, ఏం సర్దుకోవాలో చెప్పు" అని అడిగావు. సర్దుకోవడం పెద్ద పనేం కాదు, చివర్లో చెప్తాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూనే అవతల పేపర్లు దిద్దుతుంటావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఒక సంగతి తేల్చుకో. మీరు వెళ్ళేది ఎక్స్ఛేంజికా, టూరుకా? ఈమధ్య మన ఊళ్ళో ఏ స్కూలు బ్రోషరు చూసినా ఎక్స్ఛేంజ్ అనే మాటే. తీరా చూస్తే మూడు రోజులు థీమ్ పార్కులు, రెండు రోజులు షాపింగు, మధ్యలో ఏదో బడి గేటు ముందు బ్యానరు పట్టుకుని ఒక ఫొటో. టూరు తప్పని నేననను. మన ఊరినుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది, ఓపికున్నవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి చూపించుకుంటారు. దానికి స్కూలెందుకు, టీచరెందుకు? ఏర్పాట్లు చూసేవాళ్ళని రెండే ప్రశ్నలు వెయ్యి. మా పిల్లలు అక్కడ ఎవరి పక్క బెంచీలో కూర్చుంటారు, ఎన్ని పూటలు? వాళ్ళ పిల్లలు మన ఊరు ఎప్పుడొస్తారు? రెండో ప్రశ్నకి నీళ్ళు నమిలారంటే అది ఇచ్చిపుచ్చుకోవడం కాదు, చూసి రావడం.

సోషల్ టీచర్ని కదా, కాస్త చరిత్ర చెప్పకపోతే నాకు తోచదు. ఫ్రాన్సు, జర్మనీ 1870 నుంచి 1945 లోపు మూడుసార్లు కొట్టుకున్నాయి. 1963లో స్నేహ ఒప్పందం రాసుకున్నాక, ఆ ఏడాదే ఇద్దరూ కలిసి పెట్టినవాటిలో ఒకటి పిల్లల్ని అటూ ఇటూ పంపే ఆఫీసు. ఏఎఫ్ఎస్ అని ఇంకో సంస్థ ఉంది, యుద్ధంలో అంబులెన్సులు నడిపినవాళ్ళు 1947లో హైస్కూలు పిల్లల మార్పిడి మొదలుపెట్టారు. యుద్ధంలో గాయపడ్డవాళ్ళని మోసినవాళ్ళకి తట్టిన ఆలోచన అది. మనవాళ్ళేమో "పిల్లాడి ఇంగ్లీషు బాగుపడుతుందా మేడమ్" దగ్గరే ఆగిపోతారు. జపాన్ వెళ్తే ఇంగ్లీషు బాగుపడదని తల్లిదండ్రుల మీటింగులో ముందే చెప్పెయ్. అక్కడి పిల్లలకీ అది పరాయి భాషే.

మేం వెళ్ళింది 2016లో, దసరా సెలవుల్లో. ఎవర్ని తీసుకెళ్ళాలని స్టాఫ్ రూములో పెద్ద రగడే అయింది. ర్యాంకుల లిస్టు తీసి పైనుంచి పన్నెండుమందిని ఎంచేద్దామన్నారు. నేను మొండికేసి నలుగురిని మార్పించాను. వాళ్ళలో పెదజాలరిపేట కుర్రాడొకడు. క్లాసులో నోరు విప్పడు, మార్కులు అంతంతమాత్రం. వాళ్ళమ్మ చేపల గంప దించి గేటు దగ్గర నన్ను నిలబెట్టి, "మా గుంటడు అక్కడేటి తింటాడు మేడమ్మా?" అనడిగింది. "చేపలే" అన్నాను. నమ్మలేదు.

మాకిచ్చిన ఊరు సముద్రం ఒడ్డున ఉంది. ఒక్కో ఇంట్లో ఇద్దరేసి పిల్లల్ని దించారు. మర్నాడు సాయంత్రం వీడున్న ఇంటికి చూడ్డానికి వెళ్తే, వెనకవైపు రేకుల షెడ్డులో ఆ ఇంటి తాతగారు, వీడూ పీటల మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళో చిరిగిన వల. వీడు కాలి బొటనవేలికి వల తగిలించి లాగి పట్టుకుని, సూదితో కన్నులు వేసుకుంటూ పోతున్నాడు. తాతగారు ఆపి, తన ముడి ఎలా వేస్తాడో చూపించాడు. వీడు అది విప్పేసి మన ముడి వేశాడు. ఆయన కళ్ళజోడు పైకెత్తి దాన్ని వేళ్ళతో లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, ఏదో అన్నాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. గంటసేపు అలాగే కూర్చున్నారు. నేను గుమ్మంలోంచే వెనక్కొచ్చేశాను. తొమ్మిదేళ్ళు బళ్ళో "నీకేమీ రాదు" అనిపించుకున్నవాడికి తనకొచ్చిన పని ఒకటుందని తెలిసింది అక్కడే. ర్యాంకుల లిస్టులో ఆ గడి లేదు. నువ్వూ ఇలాంటివాళ్ళని ఇద్దర్నైనా ఇరికించు, తిట్లు తింటే తిను.

మొదటి రోజు పేర్ల బిళ్ళల దగ్గర ఇంకో వింత. పాస్‌పోర్టు కోసం మనవాళ్ళు ఇనీషియల్స్ విప్పి ఇంటిపేరు పూర్తిగా రాయాల్సొచ్చింది కదా, దానిమీద ఎన్ని తిప్పలో. "ఇంటిపేరు ముందు రాసుకుంటాం, మీరేమో చివర్న రాయమంటున్నారు" అని ఒక తండ్రి నాతో గొడవ. తీరా అక్కడికెళ్తే వాళ్ళదీ ముందు ఇంటిపేరే, తర్వాతే సొంత పేరు. మన పిల్లలు ఒక్క అరుపు అరిచారు! ఇక అక్కణ్ణుంచి వేట మొదలైంది. మనం బస్సు అంటే వాళ్ళు బసు. మనం కప్పు, వాళ్ళూ కప్పు. అచ్చుతో ముగించకపోతే నోరు ఊరుకోదు, మనలాగే. క్రియ వాక్యం చివరికి రావడమూ అంతే. వ్యాకరణం క్లాసులో నిద్రపోయే పిల్ల "మేడమ్, వీళ్ళకీ విభక్తి ప్రత్యయాల్లాంటివి ఉన్నాయి" అని పరిగెత్తుకొచ్చింది. మన భాష ఎలా కట్టి ఉందో ఆ పిల్లకి పరాయి భాషే చూపించింది. తెలుగు మాస్టార్ని ఈ ప్రయాణంలో ఎందుకు తీసుకెళ్ళరో నాకిప్పటికీ అర్థం కాదు.

మూడో రోజు సైరన్ మోగింది. అందరూ బల్లల కిందికి దూరారు. తర్వాత వరసగా, మాటా పలుకూ లేకుండా, బడి వెనక గుట్ట మీదికి నడిచారు. టీచరు చేతిలో గడియారం. డ్రిల్లు అన్నమాట. 1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతాన్ని నేలమట్టం చేసిన భూకంపం గుర్తుగా ఏటా ఆ రోజున దేశమంతా ఇలాంటివి చేస్తారట. బళ్ళలో మిగతా నెలల్లోనూ చేస్తుంటారు. గుట్టమీద కూర్చుని వాళ్ళ పిల్లలు 2011 మార్చి సునామీ గురించి చెప్పారు. మనవాళ్ళు 2014 అక్టోబరు 12 గురించి చెప్పారు, హుద్‌హుద్ తుపాను. ఒక పిల్ల, పైకప్పు రేకు ఎగిరిపోతుంటే వాళ్ళ నాన్న తాడుతో మంచం కోళ్ళకి కట్టిన సంగతి చేతులతో చేసి చూపించింది. నేను ఆ పిల్లకి రెండేళ్ళుగా పాఠం చెప్తున్నాను, ఈ కథ ఎప్పుడూ వినలేదు. నేనడగలేదు మరి.

వెనక్కొచ్చాక పిల్లలే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి మన బడికి అలాంటి దారి ఎక్కడుందని అడిగారు. సైరన్ లేదు. అటెండరు లాంగ్ బెల్లు ఆపకుండా కొట్టేట్టు ఒప్పందం కుదిరింది. మొదటిసారి గ్రౌండులోకి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది, సగంమంది ఇంటికి వదిలేశారనుకుని బ్యాగులతో సహా వచ్చారు.

ఇక నీ సంగతి. టీచర్లు ఇలాంటి ప్రయాణాల్లో పిల్లల చెప్పులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతారు. నువ్వలా తిరక్కు. రోజుకి ఒక్క పీరియడైనా వెనక బెంచీలో కూర్చో. నేను కూర్చున్నది లెక్కల క్లాసు, మన ఎనిమిదో తరగతి లాంటిది. యాభై నిమిషాలూ ఒకే లెక్క: పంచభుజి లోపలి కోణాల మొత్తం ఎంత? టీచరు చెప్పడే! పిల్లలు రకరకాలుగా గీశారు. ఒకమ్మాయి ఒక మూలనుంచి గీతలు గీసి మూడు త్రిభుజాలు చేసింది, మూడు నూట ఎనభైలు 540. ఇంకొకడు త్రిభుజం, చతుర్భుజం కింద విడగొట్టాడు. మూడోవాడు నడిమధ్య చుక్క పెట్టి అయిదు త్రిభుజాలు చేసి 900 అన్నాడు. ఆ తప్పుని కూడా బోర్డు మీద వేయించాడాయన, మిగతావాటి పక్కనే, అంతే పెద్దగా. "ఇది ఎందుకు ఎక్కువొచ్చింది?" మధ్యలో చుక్క చుట్టూ ఉన్న 360 మన లెక్కలోది కాదని ఆ కుర్రాడే కాసేపటికి పట్టుకున్నాడు. గంట అయ్యేవరకూ బోర్డు తుడవలేదు. మొదటి గీత నుంచి చివరి జవాబు దాకా పాఠమంతా అక్కడే ఉంది. లెక్కలంటే పారిపోయే నాకే అర్థమైంది.

ఆ రోజు గదిలో వెనకాల ఇంకా ఆరుగురు టీచర్లు నిలబడి రాసుకుంటున్నారు. ఇన్‌స్పెక్షనేమో అనుకున్నాను. కాదట. ఒకరు పాఠం చెప్తే మిగతావాళ్ళు చూసి, సాయంత్రం కూర్చుని ఆ పాఠం గురించి మాట్లాడుకుంటారు. జుగ్యో కెంక్యూ అంటారు, అంటే పాఠం మీద పరిశోధన. వాళ్ళకిది వందేళ్ళకి పైబడ్డ అలవాటు. తిరిగొచ్చి నేనూ మొదలుపెడదామంటే మావాళ్ళు భయపడ్డారు, హెడ్మాస్టరుకి మోస్తానేమో అని. చివరికి నా క్లాసుకే ముందు రమ్మన్నాను. ఒకావిడ కాగితం మీద రాసిచ్చింది: "మీరు ప్రశ్న అడిగి మూడు సెకన్లలో మీరే జవాబు చెప్పేస్తున్నారు." ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆ రాత్రి కోపంతో అన్నం సహించలేదు, మర్నాటినుంచి ప్రశ్న వేసి మనసులో పది లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

వాళ్ళ పిల్లలు ఇక్కడికొచ్చింది తర్వాతి ఆగస్టులో, వాళ్ళ వేసవి సెలవుల్లో. పంద్రాగస్టు జెండా వందనానికి మన లైన్లో నిలబడ్డారు. అక్టోబరు, నవంబరు పెట్టకు, తుపాను వస్తే ఆ పసివాళ్ళని ఎక్కడ దాస్తావు? నేను చేసిన తప్పు ఏమిటంటే ప్రోగ్రాంని కుక్కిపారేశాను. కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, బొర్రా, అరకు, నాలుగు రోజుల్లో అన్నీ. బస్సులో అందరూ నిద్రే. ఆఖరి రోజు వాన తగ్గాక, ఏమీ తోచక తొట్లకొండ ఎక్కించాను. మన పిల్లలకి అది సెల్ఫీలు దిగే చోటు. వాళ్ళ టీచరు స్తూపం ముందు చేతులు జోడించి నిలబడిపోయింది. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ విహారం, వాళ్ళ ఊరి గుడిలో ఉన్న బుద్ధుడు ఇలాంటి కొండలున్న దేశం నుంచే చైనా, కొరియా మీదుగా నడిచి వచ్చాడు మరి. ఒక పిల్ల అడిగింది, దీనికి ఈ పేరెందుకని. మన పిల్లలు పదిమందీ నావైపు చూశారు. రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు పక్కనే ఉన్నాయి, వాటిమీద కాళ్ళు పెట్టుకునే కూర్చున్నారు! అదే బీచ్ రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గరా అదే వరస, ఎందుకెర్రగా ఉన్నాయంటే ఎవరికీ తెలీదు. ఇంటికొచ్చి అందరూ లైబ్రరీ మీద పడ్డారు, ఇసుకలో ఇనుము తుప్పు పట్టడమని వాళ్ళే తేల్చుకున్నారు. పంపడం కన్నా పిలవడంలోనే మన పిల్లలకి ఎక్కువ గిట్టుబాటు అని నేను అప్పటినుంచీ వాదిస్తున్నాను. ఖర్చూ తక్కువే, ఇంట్లో ఒక మంచం, నాలుగు పూటల అన్నం. విమానం ఎక్కలేని నలభైమంది పిల్లలకీ ఇందులో వాటా దొరుకుతుంది.

అందరికీ మంచే జరిగిందని చెప్పను. ఇద్దరు అక్కడున్న వారం రోజులూ ఫోన్లోంచి తలెత్తలేదు. ఇంకొకడు తిరిగొచ్చి ఆరు నెలలపాటు రోడ్డుమీద చెత్త చూసినప్పుడల్లా "ఛీ మన దేశం" అని ముక్కు మూసుకునేవాడు. అక్కడ పిల్లలే తరగతి గది ఊడ్చుకుంటారని, మధ్యాహ్నం భోజనం వాళ్ళే వడ్డించుకుంటారని వాడూ చూశాడు. "నువ్వు చీపురు పట్టు, తర్వాత ఛీ అందువుగాని" అన్నాను. పట్టలేదనుకో.

డబ్బు సంగతి మీ స్కూలు చూసుకుంటోంది కాబట్టి వదిలేస్తున్నాను. సర్కారు బళ్ళలో పనిచేసే నీ స్నేహితురాళ్ళకి మాత్రం సకురా సైన్స్ గురించి చెప్పు. 2014 నుంచి జపాన్ వాళ్ళే ఖర్చు పెట్టుకుని హైస్కూలు పిల్లల్ని వారం రోజులు పిలుస్తున్నారు.

ఇప్పుడు నీ జాబితా. పాస్‌పోర్టులు ఈ వారమే మొదలుపెట్టించు. మైనర్లకి మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలూ కావాలి, మన ఊళ్ళో సగంమంది తండ్రులు ఓడల మీదో గల్ఫులోనో ఉంటారు. ఆధార్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా చూడు. వాళ్ళ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు, మన తొమ్మిదిన్నరకి వాళ్ళకి ఒంటిగంట. కాబట్టి వీడియో కాల్స్ పొద్దున్నే పెట్టుకో, వెళ్ళేలోపు మూడైనా అవ్వాలి, లేకపోతే మొదటి రెండు రోజులు సిగ్గుకే పోతాయి. పళ్ళు, మాంసం తీసుకెళ్ళనివ్వకు, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. జలుబు మందుల్లో కొన్ని అక్కడ నిషేధం, డాక్టరు చీటీ లేకుండా ఏదీ వద్దు. శాకాహారం పిల్లలుంటే ఆ ఇంటివాళ్ళకి ముందే రాయి, కూరగాయల చారులా కనిపించేదాన్ని కూడా చాలాచోట్ల ఎండు చేపతో కాస్తారు. ఆవకాయ సీసా పెట్టెలో పెట్టనే పెట్టకు. నా బ్లౌజులన్నీ నూనె అయ్యాయి.

అన్నిటికన్నా ముఖ్యం మేజోళ్ళు. గడప గడపకీ బూట్లు విప్పాలి. మొదటి రోజే మనవాళ్ళలో అయిదుగురి బొటనవేళ్ళు బయటికి తొంగిచూశాయి, వాళ్ళలో నేనొకదాన్ని.

ఇళ్ళవాళ్ళకి ఇవ్వడానికి ఏటికొప్పాక బొమ్మలు బావుంటాయి, తేలిక, పగలవు. షాపులో కొనకు. ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, ఇద్దరం వెళ్ళి చేసేవాళ్ళ దగ్గరే తెచ్చుకుందాం. అంకుడు కర్ర మీద లక్క ఎలా పడుతుందో నువ్వు కళ్ళారా చూస్తే, అక్కడ అడిగినప్పుడు చెప్పగలుగుతావు. అడుగుతారు. ఇడ్లీ పిండి నానబోస్తున్నాను, టిఫిను ఇక్కడే.

మీ అత్త