జాబ్ మారాక పాత శాలరీ అకౌంట్‌లో మినిమం బ్యాలెన్స్ కటింగ్ ఆగాలంటే ఏం చేయాలి?

పాత కంపెనీ అకౌంట్‌లో నెలనెలా కట్ అవుతోంది, మినిమం బ్యాలెన్స్ కింద పదివేలు పెట్టి వదిలేయాలా క్లోజ్ చేయాలా అనే కదా మీ డౌటు, పదివేలు మాత్రం పెట్టొద్దు బ్రో.

నాదీ సేమ్ కేసు. వైట్‌ఫీల్డ్‌లో మొదటి జాబ్ వదిలేసినాక జీతం పడటం ఆగింది కదా, కొన్ని నెలలకి బ్యాంకువాళ్లే తమంతట తాము దాన్ని మామూలు సేవింగ్స్ చేసేసి ఛార్జీలు మొదలుపెట్టారు. నేను మారతహళ్లిలో బ్రాంచ్‌కి పోయి బేసిక్ సేవింగ్స్ అకౌంట్‌గా, అంటే బీఎస్‌బీడీఏగా మార్చమన్నా. కౌంటర్లో మేడం అట్లాంటిది మా దగ్గర లేదు అనింది. లేకపోవడమేంటి, ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందేనని ఆర్‌బీఐ 2012లోనే చెప్పింది. సరే లేదనే ఒక కాగితం మీద రాసి సీల్ వేసివ్వండి అన్నా, లోపలికెళ్లి మేనేజర్‌తో మాట్లాడొచ్చి ఫామ్ చేతిలో పెట్టింది 😀

దీంట్లో మినిమం బ్యాలెన్స్ గొడవ లేదు, ఏటీఎం కార్డుకి ఏడాది ఫీజు లేదు, డబ్బు ఎన్నిసార్లు వేసుకున్నా అడగరు. తీయడం మాత్రం నెలకి నాలుగుసార్లు కచ్చితంగా ఫ్రీ, ఆపైన బ్యాంకుని బట్టి ఉంటది కాబట్టి ముందే అడగండి. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ అకౌంట్ ఉంటే 30 రోజుల్లో క్లోజ్ చేయాలి, అది గుర్తుపెట్టుకోండి.

అంత తిరిగే ఓపిక లేదంటే గవర్నమెంట్ బ్యాంకే బెటర్. స్టేట్ బ్యాంకు 2020లోనే మినిమం బ్యాలెన్స్ ఫైన్ తీసేసింది, కెనరా 2025 జూన్ నుంచి, ఇండియన్ బ్యాంకు జూలై నుంచి తీసేశాయి. యాప్ కొంచెం నత్తనడకే, కానీ ఛార్జీ లేనప్పుడు నాకు ఆ మాత్రం ఓకే. ప్రైవేటు వాళ్ల జీరో బ్యాలెన్స్ యాడ్ చూసి పోతే మాత్రం కార్డు ఫీజు ఎంతో, దాని మీద 18 శాతం జీఎస్టీ ఎంతో చూసుకుని సైన్ చేయండి, సున్నా అన్నది బ్యాలెన్స్‌కే, ఫీజులకి కాదు.

ఈ నెల ఫైన్ తప్పించుకోవాలంటే ఒక చిట్కా ఉంది. బ్యాంకు చూసేది మంత్లీ యావరేజ్ అయితే, రోజూ రాత్రికి ఎంత మిగిలిందో కూడి రోజులతో భాగిస్తారు, కాబట్టి 30 రోజులూ పదివేలు ఉంచినా, ఒక్కరాత్రికి మూడు లక్షలు ఉంచి తీసేసినా లెక్క ఒకటే. పీఎఫ్ డబ్బులో, చిట్టీ డబ్బులో చేతికొచ్చిన నెల పనికొస్తది.

ఇంకోటి, ఏటీఎం. బెంగళూరు మెట్రో సిటీల లెక్కలోకి వస్తది, వేరే బ్యాంకు మెషీన్‌లో నెలకి మూడే ఫ్రీ, మా ఊరు కదిరిలో అయితే ఐదు. దాటితే 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పైన ట్యాక్స్.

ఇప్పటికే అకౌంట్ మైనస్‌లోకి పోయిందంటే కంగారుపడి కట్టేయొద్దు. కేవలం మినిమం బ్యాలెన్స్ ఫైన్‌తో అకౌంట్‌ని మైనస్ చేయకూడదు, ఫైన్ వేసే ముందు మెసేజో మెయిలో పంపి నెల టైమ్ ఇవ్వాలి, ఇది 2015 ఏప్రిల్ నుంచి ఉన్న రూలే. బ్యాంకుకి మెయిల్ పెట్టండి, 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారికి, ఆన్‌లైన్‌లో ఫ్రీగా కంప్లైంట్ ఇవ్వొచ్చు, హెల్ప్‌లైన్ 14448.

క్లోజే చేస్తానంటారా, ముందు పీఎఫ్, మ్యూచువల్ ఫండ్ సిప్‌లు, ట్యాక్స్ రిఫండ్ ఆ అకౌంట్ నంబర్‌తో ఉన్నాయేమో చూసి మార్చుకోండి, స్టేట్‌మెంట్లన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నాకే ఫామ్ ఇవ్వండి.