సమురాయ్ అంటే చచ్చేదాకా ఒకే ప్రభువుని నమ్ముకున్నవాడేనా?

సినిమాల్లో అలాగే చూపిస్తారు గానీ, జపాన్‌లో అంతర్యుద్ధాలు నడిచిన సెంగోకు కాలంలో అది పూర్తిగా నిజం కాదు. తోదో తకతోరా అనే సమురాయ్‌నే చూడండి. 1556లో ఓమి ప్రాంతంలో పుట్టాడు. 1570లో అనెగావా యుద్ధంలో అజాయ్ నగమస పక్షాన మామూలు కాలిబంటుగా దిగాడు. తర్వాత కొన్నేళ్లు ఒక్కచోట నిలవలేదు, కొలువులు మారుస్తూనే ఉన్నాడు.

1576లో, తర్వాత జపాన్‌ని ఏలిన హిదెయోషికి తమ్ముడైన హిదెనగ దగ్గర కుదిరాక దశ తిరిగింది. జీతం 300 కొకులు. కొకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషికి ఏడాది తిండి అని లెక్క. అంటే జీతం డబ్బులో కాదు, బియ్యంలో కొలిచేవారు! అక్కడే కోటలు కట్టే విద్యలో ఆరితేరాడు. నన్నడిగితే ఆయన్ని పైకి తెచ్చింది కత్తి కన్నా ఈ పనితనమే.

హిదెనగ వారసుడు 1595లో చనిపోతే తకతోరా సన్యసించి కోయ కొండకి వెళ్లిపోయాడు. హిదెయోషి వెనక్కి పిలిపించి ఉవజిమా ప్రాంతం ఇచ్చాడు. ఆ హిదెయోషి పోయాక, 1600లో సెకిగహారా యుద్ధంలో తకతోరా, తర్వాత షోగన్ (సైనిక పాలకుడు) అయిన ఇయెయసు వైపు నిలిచాడు. చివరికి త్సు సంస్థానాధీశుడయ్యాడు. రాబడి 3 లక్షల కొకుల పైమాటే.