డిస్నీల్యాండు మ్యాటర్‌హార్న్ పోస్టరు: అసలుదో నకలో ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండు పార్కులో, మంచుకొండ ఆకారంలో ఉండే మ్యాటర్‌హార్న్ రైడు దగ్గర అది మొదలైన 1959 నాటి బోర్డులు ఇంకా ఉన్నాయా, బయట అమ్మకానికి వచ్చే పోస్టరు అసలుదేనని ఎలా నమ్మాలి అని అడిగారు. బోర్డుల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. పార్కు ఉన్న అనహైం ఊరి ఎండకు ఆరుబయట ఏ రంగూ అరవై ఏళ్లు ఆగదు, పార్కు వాళ్లు కూడా వెలిసిపోయిన బోర్డును అలా ఉండనివ్వరు. గేటు దాటాక రైలు పట్టాల కింద సొరంగ మార్గాల్లో వేలాడే పోస్టర్లు డిజైను చూడటానికి బాగుంటాయి. అవన్నీ ఆనాటి ప్రతులే అనుకోవద్దు.

పోస్టరు సంగతి మాత్రం కాస్త వివరంగా చెబుతాను. మాది విజయవాడలో స్క్రీన్ ప్రింటింగ్ చేసిన కుటుంబం, శుభలేఖల రంగు వాసనలో పెరిగాను. డిస్నీల్యాండు పాత పోస్టర్లనూ అదే పద్ధతిలో వేశారు: ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను (రంగును కిందికి వదిలే సన్నని జాలీ బిగించిన ఫ్రేము), చేత్తో కోసిన స్టెన్సిలు (రంగు పడకూడని చోట అడ్డుండే పొర). దాదాపు మూడడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు. ఆ కొలతలో అన్ని రంగులనూ ఒకదాని పక్కన ఒకటి గురి తప్పకుండా కూర్చడం ఎంత కష్టమో ఫ్రేము పట్టినవాళ్లకే తెలుసు!

లాస్ ఏంజిలస్‌లో ఒక వేలం ముందు ప్రదర్శనలో ఆ కాలపు పోస్టరును దగ్గరగా చూశాను. పక్క నుంచి వెలుతురు పడితే ఎరుపు రంగు పొర కాగితం మీద లేచి కనిపించింది. ఒక అక్షరం అంచున అది కింది నీలం మీదికి వెంట్రుకవాసి ఎక్కి ఉంది. ఆఫ్‌సెట్ (పత్రికలు అచ్చువేసే యంత్ర పద్ధతి) నకలును భూతద్దం కింద పెడితే సన్నని చుక్కలు కనిపిస్తాయి, అసలుదానిలో నిండు రంగే. అయితే స్క్రీను మీదే మళ్లీ వేసిన నకళ్లు కూడా ఉండవచ్చు కాబట్టి ఈ ఒక్క పరీక్షతో డబ్బు చేతులు మార్చకండి.

అంత కొట్టొచ్చే రంగులు ఎందుకంటారా? అప్పట్లో లోపలికి వచ్చినవాళ్లు రైడుకో కూపను ఇచ్చుకోవాలి. 1959లో కొత్తగా పెట్టిన ‘ఈ’ (ఇంగ్లిషు E అక్షరం) తరగతి కూపను అన్నిటికన్నా ఖరీదైనది, మ్యాటర్‌హార్న్‌కు అదే కావాలి. ఆ కూపను ఇక్కడే ఖర్చు పెట్టించడం పోస్టరు పని. 1982లో ఈ కూపన్ల పుస్తకాలు పోయి ఒకే టికెట్టు వచ్చింది. ఆ తర్వాతి పోస్టర్లలో నాకు ఆ ఆత్రం కనిపించదు, అందం ఉన్నా సరే.

కొనే ముందు అమ్మేవారిని మూడు ఫొటోలు అడగండి: వెనుక వైపు మొత్తం, ఏటవాలు వెలుతురులో ఒక మూల, రెండు రంగులు కలిసే చోట బాగా దగ్గరగా. ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కాగితం మీద రాసి ఇమ్మనండి. మడత గీతలూ అంచుల్లో చిన్న చిరుగులూ ఉంటే కంగారు పడనక్కరలేదు. వెనుక వైపు ఫొటో ఇవ్వడానికి సాకులు చెబితే మాత్రం ఆ బేరం వదిలేయండి.