గార పూసినవాడు ఏడీ?

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. మొదటి పేజీలోనే ఇటలీ సన్యాసి చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో శిలువ బొమ్మ వేస్తూ బొటబొటా కన్నీళ్లు కార్చాడు. నాలుగో పేజీలో మళ్లీ. 'దివ్యతేజస్సు' ఏడుసార్లొచ్చింది, లెక్కపెట్టాను. పైగా తోటి సన్యాసుల చేత 'ఆంజెలికో' అని పిలిపించావు. బతికుండగా అతను ఫ్రా జొవాన్ని. ఈ దేవదూత పేరు పోయాక తగిలించింది.

ఆ కన్నీళ్లు చిత్రకారుల జీవితాలు రాసిన వసారి పుస్తకంలోవి. వసారి పుట్టిందే 1511లో. మనవాడు రోములో పోయింది 1455లో. అదే వసారి ఇంకో మాటా రాశాడు: వేసిన బొమ్మ మళ్లీ దిద్దేవాడు కాదట, అది అలా రావడం దైవేచ్ఛ అనేవాడట. నువ్వు దాన్ని భక్తి ఖాతాలో వేసేశావు. గోడబొమ్మల్లో తడి గార మీద వేసిన రంగు గారతో పాటే ఆరి గోడలో కలిసిపోతుంది. అందుకే ఆ రోజు ఎంత వేయగలరో అంత మేరకే గార పూస్తారు. ఇటలీవాళ్లు దాన్ని 'జోర్నాతా' అంటారు, ఒక రోజు పని. తప్పొస్తే ఆ ముక్క చెక్కేసి మళ్లీ పూయాలి. ఆరాక పైన దిద్దితే ఆ రంగు ఎప్పటికో పెచ్చులూడుతుంది. ఆ దైవేచ్ఛలో సగం సున్నం ఇచ్ఛేనని నా అనుమానం. మఠంలో చేరకముందే, 1417 నాటికే, అతను గ్వీదో పేరుతో రంగులు కలిపి బతికినవాడమ్మా!

సున్నం నాకు కొత్త కాదు. సంక్రాంతి ముందు మా నాన్న కుండలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేవి. వేలు పెట్టి చూశాను ఒకసారి. మచ్చ ఇంకా ఉంది. దాని మీద రాసిన నా తొలి కథని ఒక వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపాడు, 'సున్నం తగ్గించి ప్రేమ పెంచండి' అని. పెంచాను. అచ్చయింది. ఆ కథ ఇప్పటికీ ఎవరికీ చూపించను.

అతను గోడబొమ్మలు వేసిన ఫ్లోరెన్స్ శాన్ మార్కో మఠంలో నలభైకి పైగా గదులు. అన్నిట్లోనూ అతని చేత ఒంటరిగా వేయించావు. బెనొజ్జో గొజ్జోలి ఏడీ? మిగతా సహాయకులేరీ?

ఏడో గది మాత్రం బాగా పట్టావు. క్రీస్తు కళ్లకి గంత. చుట్టూ మనుషుల్లేరు, కొట్టే చేతులే గాల్లో ఉన్నాయి. ఉమ్మేవాడికి తల ఉంది, ఒళ్లు లేదు. కింద ఆ సన్యాసుల సంఘం స్థాపకుడు డొమినిక్ తలొంచుకుని పుస్తకం చదువుకుంటున్నాడు. అక్కడ నువ్వు ఒక్క విశేషణం వాడలేదు. నేను పెన్ను పక్కన పెట్టాను.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ఆ ఊసు ఇప్పుడొద్దు. ముందు గార పూసినవాడికి ఓ పేరు పెట్టి, తెల్లవారకముందే లేపు.