‘జీపుపై ఎక్కుపెట్టిన ఫిరంగి’ సరైన ప్రయోగమేనా?

సందేహం: విశాఖపట్నం, సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. “మా నాన్నగారు సైన్యంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున, జీపు మీద ఉండే ఆర్‌సీఎల్ (రికాయిల్‌లెస్) గన్ను పేల్చే జట్టులో ఉన్నారు. ఆయన చెబుతూ ఉంటే మనవల కోసం నేను రాసిపెడుతున్నాను. ‘జీపుపై ఎక్కుపెట్టిన ఫిరంగితో కాల్పులు జరిపారు’ అని రాసి చదివి వినిపిస్తే, ‘మా జీపును మేమే కాల్చుకున్నామని రాశావేమిటమ్మా?’ అన్నారు. నా వాక్యంలో తప్పేమిటి? మౌంటెడ్ అనే మాటకు సరైన తెలుగు ఏది? ఇటువంటి బండిని సాయుధ జీపు అనాలా, కవచ వాహనం అనాలా? రికాయిల్‌లెస్ గన్‌ను తెలుగులో ఏమనాలి?”

సమాధానం: మీ నాన్నగారి అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది. ఆ వాక్యంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి క్రియలో ఉంది, రెండవది విభక్తిలో ఉంది. రెండూ కలిసి మీరు చెప్పదలచినదానికి నేరుగా వ్యతిరేకమైన అర్థాన్ని ఇస్తున్నాయి.

‘ఎక్కుపెట్టు’ అనేది విలువిద్యకు చెందిన మాట. వాడని సమయంలో వింటి అల్లెత్రాడును సడలించి ఉంచుతారు. ప్రయోగించవలసి వచ్చినప్పుడు వింటిని వంచి, ఆ త్రాటిని రెండవ కొనకు ఎక్కించి తగిలిస్తారు. అలా ఎక్కించడమే ఎక్కుపెట్టడం. శివధనుస్సును రాముడు ఎక్కుపెట్టి నారి లాగేసరికి అది విరిగిందని చెప్పుకునేటప్పుడు ఆ మాటకు ఉన్న అర్థం ఇదే. అయితే ఎక్కుపెట్టిన విల్లు ఎవరో ఒకరి వైపు తిరిగే ఉంటుంది గనుక, కాలక్రమంలో ఈ మాటకు ‘గురిపెట్టు’ అనే అర్థం స్థిరపడింది. విల్లు పోయి తుపాకి వచ్చినా మాట మాత్రం పోలేదు. నేడు ‘తుపాకి ఎక్కుపెట్టాడు’ అంటే గురి చూశాడనే అర్థం; పత్రికలలో విమర్శలను సైతం ఎక్కుపెడుతున్నారు. కాబట్టి ‘జీపుపై ఎక్కుపెట్టిన ఫిరంగి’ అని చదివిన తెలుగువాడికి జీపు వైపు గురిపెట్టిన ఫిరంగే కనబడుతుంది.

ఈ ప్రయోగం ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఇంగ్లీషులో మౌంట్ అనే ఒక్క మాట గుర్రం ఎక్కడానికీ, ఫొటోను అట్టకు అతికించడానికీ, దాడిని ప్రారంభించడానికీ, ఆయుధాన్ని వాహనానికి బిగించడానికీ పనికివస్తుంది. తెలుగులో ఈ నాలుగు పనులకూ నాలుగు వేర్వేరు క్రియలున్నాయి. అనువదించేటప్పుడు ‘ఎక్కు’ అనే ధాతువు మొదట తడుతుంది, దాని వెంట ‘ఎక్కుపెట్టు’ వచ్చి కూర్చుంటుంది. మీ సందర్భానికి తగిన మాట ‘బిగించు’. ఆటోనగర్‌లో ఏ మెకానిక్కును అడిగినా ఆ మాటే చెబుతాడు. ‘అమర్చు’ అనడమూ తప్పు కాదు, కానీ అది కొంత మెత్తనిది. బల్ల మీద పూలకుండీని కూడా అమరుస్తాము. పేలినప్పుడల్లా అదిరే ఆయుధాన్ని బోల్టులతో బండికి కట్టిపడేసిన పనిని ‘బిగించు’ చెప్పినంత గట్టిగా ‘అమర్చు’ చెప్పలేదు.

ఇక విభక్తి సంగతి. ‘కాల్పులు’ అనే మాట పక్కన ‘పై’ వస్తే అది ఎక్కడనుంచి అన్నదాన్ని చెప్పదు, ఎవరి మీదకి అన్నదాన్ని చెబుతుంది. ‘గుంపుపై కాల్పులు’ అంటే గుంపే లక్ష్యం. ‘జీపుపై మెషిన్ గన్‌తో కాల్పులు’ అని శీర్షిక పెడితే జీపులోని వారు కాల్చారో, జీపులోని వారిని కాల్చారో తెలియదు. తెలిసినంతవరకు రెండవ అర్థమే ముందు స్ఫురిస్తుంది. ఆధారాన్ని చెప్పవలసినప్పుడు ‘పై నుంచి’ లేదా ‘మీద నుంచి’ అనాలి. రెండవ ప్రపంచయుద్ధంలో ఒక సంఘటన ఈ తేడాను చక్కగా చూపుతుంది. 1942 జూలైలో ఈజిప్టులోని సిదీ హనీష్ విమానాశ్రయం మీద ఎస్‌ఏఎస్ అనే బ్రిటిష్ ప్రత్యేక దళం 18 జీపులతో రాత్రివేళ విరుచుకుపడింది. విమానాల కోసం తయారైన వికర్స్ కె మరతుపాకులను (మెషిన్ గన్లను) జీపులకు బిగించి, ఆ జీపుల మీద నుంచి నేలపై నిలిపి ఉన్న జర్మన్ విమానాలను కాల్చారు. ఈ వాక్యంలో విమానాలు రెండుసార్లు వచ్చాయి, జీపులు రెండుసార్లు వచ్చాయి, అయినా ఎవరు ఎవరిని కాల్చారన్న విషయంలో చదివేవారికి తడబాటు కలగదు. ఆ భారమంతా ‘కోసం’, ‘కు’, ‘మీద నుంచి’, ‘ను’ అనే చిన్న ప్రత్యయాలు మోశాయి. వీటిలో ఒక్కటి జారినా విమానాలే జీపులను కాల్చినట్లు కావచ్చు.

‘జీపుపై బిగించిన’ అనడం కంటే ‘జీపుకు బిగించిన’ అనడం మన నుడికారానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. తలుపుకు గొళ్లెం బిగిస్తాము, గోడకు మేకు కొడతాము, చొక్కాకు బొత్తాం కుడతాము. ఒక వస్తువు మరొకదానిలో భాగమైపోయినప్పుడు తెలుగు ‘కు’ను కోరుకుంటుంది. ‘పై’ కేవలం ఉన్న చోటును చెబుతుంది.

ఇంత పట్టింపు ఎందుకని మీరు అనవచ్చు. యుద్ధంలో బండికీ ఆయుధానికీ మధ్య ఒక్క సంబంధం కాదు, కనీసం మూడు సంబంధాలు ఉండేవి. అమెరికా సైన్యం 37 మి.మీ. ట్యాంకు విధ్వంసక ఫిరంగిని జీపు వెనుక తగిలించి లాగించేది. ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ సైన్యం టూ పౌండర్ అనే ఫిరంగిని లారీలోకి ఎక్కించుకొని తిరిగేది, అవసరమైతే లారీ మీద నుంచే పేల్చేది, లేదా దించి నేల మీద నిలిపేది. ఇక మరతుపాకిని జీపులో నిలువు కడ్డీ ఒకటి పాతి దాని తలకు బిగిస్తే, అది జీపుతోపాటే ఉండి నాలుగు దిక్కులా తిరిగేది. ‘జీపు ఫిరంగి’ అని సమాసం చేసి వదిలేస్తే ఈ మూడింటిలో ఏది అన్నది తేలదు. లాగిన ఫిరంగి, ఎక్కించిన ఫిరంగి, బిగించిన ఫిరంగి అని మూడు క్రియాజన్య విశేషణాలు మన దగ్గర సిద్ధంగా ఉండగా సమాసంతో అర్థాన్ని మసకబరచడం దేనికి?

మీ నాన్నగారి ఆయుధానికి వద్దాం. 106 మి.మీ. రికాయిల్‌లెస్ గన్ అంటే సైన్యంలో ఆర్‌సీఎల్ అని పిలిచేది. మామూలు ఫిరంగి పేలినప్పుడు గుండు ముందుకు పోయిన వేగానికి గొట్టం వెనక్కి తంతుంది. అంత తాకిడిని తట్టుకోవడానికి బరువైన చట్రం కావాలి, అది జీపు వల్ల కాదు. ఈ ఆయుధంలో పేలుడు వాయువులలో కొంత భాగాన్ని వెనుక రంధ్రాల గుండా బయటికి వదులుతారు. ముందుకు పోయే గుండు తోపుకు వెనక్కి పోయే వాయువు తోపు సరిపోయి, గొట్టం దాదాపు కదలదు. కనుక ‘వెనక్కి తన్నని ఫిరంగి’ అన్నది దీనికి అచ్చమైన తెలుగు. ‘తన్నని’ అనే వ్యతిరేకార్థక విశేషణంలో ఇంగ్లీషు మాటలోని భావమంతా ఇమిడిపోయింది. ‘ప్రతిక్షేపరహిత శతఘ్ని’ వంటి కల్పనలను నేను సమర్థించను. వాటిని విడదీసి అర్థం చేసుకునేలోగా యుద్ధం ముగిసిపోతుంది.

ఈ ఫిరంగి పేరులోని అంకె వెనుక కూడా భాషకు సంబంధించిన కథ ఉంది. గొట్టం లోపలి వ్యాసం నిజానికి 105 మి.మీ. మాత్రమే. కానీ అదే కొలతతో అంతకు ముందున్న మరో ఫిరంగి గుండ్లు దీనికి సరిపడవు. హడావిడిలో ఒకదాని గుండ్లు మరొకదాని దగ్గరకు చేరకుండా ఉండాలని అమెరికా సైన్యం కొత్తదానికి 106 అని పేరు పెట్టింది. కొలతలో కొంచెం అబద్ధమైనా సరే, పేరులో గందరగోళం ఉండకూడదన్నది వారి నిర్ణయం. పేరు తారుమారైతే ప్రాణాలు పోయే చోట మాటను ఎంత జాగ్రత్తగా ఎంచుకుంటారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ ఫిరంగి బరువు 200 కిలోలకు పైమాటే. విల్లీస్ జీపును సైన్యం ‘పావు టన్ను ట్రక్కు’ అని వ్యవహరించేది, అంటే దాని మోత సామర్థ్యమే సుమారు అంత. ఈ ఫిరంగి కోసం తయారైన కొన్ని అమెరికన్ జీపులలో ముందు అద్దాన్ని రెండుగా చీల్చి, మధ్య ఖాళీలో గొట్టం ఆనేటట్లు చేశారు. ఫిరంగి గొట్టం మీద 12.7 మి.మీ. చిన్న తుపాకి ఒకటి ఉంటుంది. ముందు దానితో వెలుగు చిమ్మే తూటా పేల్చి, అది లక్ష్యానికి తగిలిందని చూసుకున్నాక అసలు గుండు వదులుతారు. గమనించండి, ఇక్కడ ఫిరంగిని ‘బిగించడం’ ఎప్పుడో స్థావరంలో జరిగిపోయిన పని, ‘ఎక్కుపెట్టడం’ రణరంగంలో ఆ చిన్న తుపాకి సాయంతో చేసే పని, ‘పేల్చడం’ ఆ తరువాతిది. మీ వాక్యం మొదటి రెండింటినీ ఒకటి చేసింది. ఆ పని చేసిన మనిషి గనుకనే మీ నాన్నగారి చెవికి అది వెంటనే తగిలింది.

సాయుధ, కవచ శబ్దాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆయుధంతో కూడినది సాయుధం. కవచం తొడిగినది కవచ వాహనం. పత్రికలలో ఉక్కు పలకలు తొడిగిన బండిని సైతం సాయుధ వాహనం అనేస్తున్నారు. ఇంగ్లీషులో ఆర్మ్డ్, ఆర్మర్డ్ అనే ఆ రెండు మాటలూ చెవికి దగ్గరగా వినబడటమే ఇందుకు కారణం కావచ్చు. సంస్కృతంలోనే ఈ రెండు భావాలూ కొంత పెనవేసుకొని ఉన్నాయన్నది నిజం. మనం ‘సిద్ధం’ అనే అర్థంలో వాడే ‘సన్నద్ధ’ శబ్దం అమరకోశంలో కవచం ధరించినవాడి పేర్లలో ఉంది. అయినా నేటి తెలుగులో ఈ రెండూ వేరు వేరు, వేరుగానే ఉండాలి. ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. 1965 సెప్టెంబరు 10న పంజాబ్‌లోని ఖేమ్‌కరన్ ప్రాంతంలో, అసల్ ఉత్తర్ పోరులో, 4వ గ్రెనేడియర్స్ దళానికి చెందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపుకు బిగించిన ఇటువంటి ఫిరంగితోనే పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఎదిరించి, వాటిని ధ్వంసం చేస్తూ ప్రాణం విడిచాడు. మరణానంతరం పరమవీర చక్ర పొందాడు. అవతల 40 టన్నులకు పైబడిన ఉక్కు కవచం. ఇవతల తూటాను కూడా ఆపలేని పలుచని రేకు. పైగా ఆ ఫిరంగి పేలినప్పుడల్లా వెనుక నుంచి వచ్చే మంటా దుమ్మూ జీపు ఉన్న చోటును శత్రువుకు చెప్పేస్తాయి, కాబట్టి పేల్చిన వెంటనే చోటు మారాలి. ఆ జీపును ‘కవచ వాహనం’ అని రాస్తే అబ్దుల్ హమీద్ చేసినదేమిటో మీ పిల్లలకు అర్థం కాదు. మీ నాన్నగారి బండి సాయుధ జీపు. కవచం లేదు.

ఫిరంగి అనాలా, తుపాకి అనాలా అన్న ప్రశ్న మీరు అడగకపోయినా ఈ వాక్యంలో ఉంది. గన్ అన్నదాన్ని మనం సందర్భాన్నిబట్టి విడదీస్తాము. తూటా పేల్చేది తుపాకి, గుండు పేల్చేది ఫిరంగి. ఫిరంగి అన్నది ఐరోపావారిని సూచించే ఫరంగీ అనే మాట నుంచి వచ్చింది, వచ్చినవారి పేరే వారు తెచ్చిన ఆయుధానికి నిలిచిపోయింది. శతఘ్ని పాతమాట, కానీ పాత ఆయుధం వేరు. కౌటిల్యుడు దాన్ని చలయంత్రాల (కదిలే యంత్రాల) జాబితాలో చేర్చాడు, అందులో మందుగుండు ప్రసక్తి లేదు. మెషిన్ గన్‌కు ‘మరతుపాకి’ చక్కని మాట. మన ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు ఉన్నంతకాలం విశాఖవాసికి ‘మర’ కొత్త కాదు. బీచ్ రోడ్డులోని కోస్టల్ బ్యాటరీ పేరు విని టార్చిలైటు బ్యాటరీ గుర్తుకు తెచ్చుకునే పిల్లలకు, అది తీరాన్ని కాచే ఫిరంగుల జట్టును సూచించే మాటని కూడా చెప్పవచ్చు.

మీ రాతలో తరువాతి యుద్ధాల ప్రస్తావన వస్తే మరొక మాట దగ్గర ఆగండి. పికప్ బండికి మరతుపాకినో క్షిపణినో బిగించుకున్న వాహనాన్ని ఇంగ్లీషులో టెక్నికల్ అంటారు. ఆ పేరు 1990 దశకంలో సోమాలియా నుంచి వ్యాప్తి చెందింది. 1987లో చాద్ సైనికులు టొయోటా పికప్పుల మీద నుంచి మిలాన్ క్షిపణులు ప్రయోగించి లిబియా ట్యాంకులను దెబ్బతీసినప్పటి బండ్లూ ఆ కోవకు చెందినవే. దీన్ని ‘సాంకేతిక వాహనం’ అని అనువదించకండి. తుపాకి బిగించిన పికప్పు అంటే చాలు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: “జీపుకు బిగించిన ఆర్‌సీఎల్ ఫిరంగిని శత్రు ట్యాంకులపై ఎక్కుపెట్టి, జీపు మీద నుంచే పేల్చారు.” మీరు వాడిన ‘ఎక్కుపెట్టు’ ఇందులో ఉంది, తన చోటులో ఉంది. ఆర్‌సీఎల్ అన్న మాటను తీసివేయనక్కరలేదు. అది మీ నాన్నగారు పలికిన పేరు. మొదటిసారి వచ్చిన చోట ‘వెనక్కి తన్నని ఫిరంగి’ అని ఒకసారి వివరించి, ఆపైన ఆయన పలికినట్లే రాయండి. ఆయన ‘ఫిట్ చేశాం’ అని ఉంటే, ఉటంకింపు గుర్తుల మధ్య దాన్ని ‘బిగించాం’ అని దిద్దకండి. మీ సొంత వాక్యాలలో మాత్రం బిగించండి.